పాత తీగలు – క్రొత్త భారము

గోదావరి మండలమునందలి యొక గ్రామములో పెద్ద మండువా లోగిలి యొకటి కలదు. దాని స్తంభములును దూలములును టేకుతో చేసినవి. నడుమ ఆకాశము కనబడు మండువా, దాని చుట్టును వసారాలు, వెనుక వంటిల్లు, దాని ప్రక్కన ధాన్యపుగది, ఆ గదిపైన అటక. ఆ యింటిలో నాలుగు తరములవారు పుట్టి పెరిగిరి. ఇంటి పెద్ద యిప్పుడు డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధుడు.

ఆయన చిన్నతనమున ఆ యింట ఆముదపు ప్రమిదలును, కిరసనాయిలు లాంతరులును మాత్రమే వెలుగుచుండెడివి. 1955వ సంవత్సరమున మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పని నారంభించినది. ఆ పిమ్మటి సంవత్సరములలో కోస్తా మండలములందలి గ్రామములకు ఒకదాని తరువాత నొకదానికి విద్యుత్తు వచ్చినది. ఆయన హైస్కూలులో చదువుచుండగా ఈ గ్రామమునకును స్తంభములు పాతిరి. వెంటనే ఆయన తండ్రి యింటికి తీగలు వేయించెను. గోడలపై టేకుబద్దలు కొట్టి, వానిమీద తీగలను పరచి, రేకుక్లిప్పులతో బిగించిరి. గుండ్రని చెక్కదిమ్మలపై నల్లని స్విచ్చులను అమర్చిరి. మొదటి దీపము వెలిగిన సాయంకాలమున ఊరి పిల్లలందరును ఆ వసారాలో గుమిగూడి నోళ్లు తెరచుకొని చూచిరట!

ఆ తీగలనిన వృద్ధునకు మిక్కిలి మక్కువ. "నాన్నగారూ, తీగలు పాతబడినవి. మార్పించెదము" అని కుమారులు రెండుమూడు మారులు చెప్పిచూచిరి. కాని ఆయన అంగీకరింపలేదు. "ఇవి మా నాయనగారు వేయించిన తీగలు. అరువదేండ్లుగా ఒక్కనాడును మొరాయింపలేదు. బాగుగా నున్నదానిని ఊడబెరుకుట యెందులకు?" అని వారి నోరు మూయించెను.

ఒక సంవత్సరము సంక్రాంతి పండుగకు కొడుకులు, కోడండ్రు, కూతురు, అల్లుడు, మనుమలు అందరును ఆ యింట చేరిరి. చలి దినములు. పిల్లలకు వేడినీరు కావలెనని పెద్దకుమారుడు క్రొత్త గీజరు నొకటి కొనివచ్చి వెనుక వసారాలోని స్నానపుగదిలో పెట్టించెను. వంటింటిలో గారెలపప్పు రుబ్బుటకు గ్రైండరు తిరుగుచుండెను. ప్రక్కగదిలో పండుగ బట్టలకు ఇస్త్రీ జరుగుచుండెను. ఇవి యన్నియు ధాన్యపుగది మీదుగా వచ్చు ఒకే పాత లైనునుండి విద్యుత్తును తీసికొనుచుండెను.

భోగినాటి యుదయమున ఫ్యూజు పోయినది. తీగ మార్చిరి. కొంతసేపటికి మరల పోయినది. మూడవమారు పోగా, చుట్టములలో నొక యువకుడు, "ఈ వెండ్రుకవంటి తీగతో పని జరుగదు" అని, పాత వైరులోని రాగిపోగులను నాలుగైదింటిని మెలిపెట్టి పింగాణి ఫ్యూజులో బిగించెను. అటుపిమ్మట ఫ్యూజు పోలేదు. అందరును వాని తెలివిని మెచ్చుకొనిరి.

మరునాడు సంక్రాంతి. తెల్లవారుజామున నాలుగు గంటలకే తలంట్లు మొదలైనవి. గీజరు విడువక పనిచేయుచుండెను, గ్రైండరు తిరుగుచుండెను. వృద్ధుని మనుమరాలు, ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక, ధాన్యపుగది ముందుగా పోవుచు తటాలున ఆగినది. ఏదియో వాసన! పొయ్యి వాసన కాదు. నిన్నటి భోగిమంట వాసనయు కాదు. రబ్బరు కాలిన ఘాటైన వాసన. గదిలోని దీపము రెపరెపలాడుచుండెను.

ఆ బాలిక స్విచ్చును తాకలేదు. పరుగున పోయి, "తాతయ్యా! ధాన్యపుగదిలో రబ్బరు కాలుచున్న వాసన వచ్చుచున్నది" అని చెప్పెను. "ఊరంతయు భోగిమంటలే కదా! ఆ వాసనయే యైయుండును" అని ఎవరో నవ్విరి. కాని తాతగారు నవ్వలేదు. లేచి వచ్చి గదిముందు నిలిచి వాసన చూచెను. మారుమాట పలుకక మెయిను స్విచ్చు కట్టివేసెను. ఇల్లంతయు చీకటి యైనది.

టార్చిలైటు వేసి చూడగా, అటకక్రింది టేకుబద్దమీదినుండి సన్నని పొగ యొకటి దారమువలె పైకి లేచుచుండెను. ఆ పైననే అటకమీద ఎండు కొబ్బరిపీచు, పాత పరుపులు, గోనెసంచులు. చిన్న నిప్పురవ్వ యొకటి వానిపై పడియుండినచో, ఆ టేకు కప్పును, దాని క్రింద నున్న పసిపిల్లలను కాపాడుట యెవరి తరము? అందరును నిశ్చేష్టులై నిలిచిరి. ఆ సంక్రాంతినాడు అరువదేండ్లకు మరల ఆ యింట లాంతరులు వెలిగినవి.

ప్రొద్దుపొడిచిన పిమ్మట కరెంటు మేస్త్రి వచ్చెను. పండుగ యైనను కబురందగానే వచ్చిన మంచివాడు. మెయిను స్విచ్చు కట్టియున్నదని తానే మరల చూచుకొని, టెస్టరుతో పరీక్షించి, ఆ పిమ్మటనే నిచ్చెన యెక్కెను. నల్లబడిన బద్దను విప్పి తీగను రెండువ్రేళ్ల నడుమ వంచగా, దానిపైనున్న రబ్బరు తొడుగు అప్పడమువలె చిట్లి పొడిపొడిగా రాలినది. లోపలి తీగ తెల్లగా మెరసినది.

"ఇది వెండితీగయా?" అని బాలిక ఆశ్చర్యముతో అడిగెను.

"కాదమ్మా, రాగితీగయే. ఆ కాలమున తీగపై రబ్బరు తొడుగు వేయుచుండిరి. రబ్బరును గట్టిపరచుటకు గంధకము కలుపుదురు. ఆ గంధకము రాగిని తినివేయకుండుటకు దానిపై తగరము పూత పూయుచుండిరి" అని మేస్త్రి చెప్పెను.

తరువాత అతడు ఒక చెక్కదిమ్మను విప్పి లోపలి ముడిని చూచి క్షణకాలము మాటాడలేదు. "బాబుగారూ, ఈ ముడి మా నాయన వేసినది. ఇట్లు మెలివేయుట ఆయనకే తెలియును" అనెను.

వృద్ధుడు దిగ్గున లేచి, "అట్లయిన మీ నాయన పనిలో లోపమున్నదా?" అని అడిగెను.

"లేదు బాబుగారూ. ఆనాడు ఈ యింటిలో ఎన్ని దీపము లుండెను?"

"ఆరు దీపములు, ఒక పంకా, ఒక రేడియో."

"ఆ ఆరు దీపములకు, పంకాకు, రేడియోకు ఈ పని చక్కగా సరిపోయినది. ఇంకను నలువదేండ్ల క్రిందటనే దీనికి విశ్రాంతి ఇచ్చి యుండవలసినది. మనము విశ్రాంతి ఇచ్చుటకు మారుగా బరువు పెంచితిమి."

వృద్ధుడు ఆలోచనలో పడెను.

బాలబాలికలారా! మేస్త్రి చెప్పిన ఆ మాటను మనము లెక్కవేసి చూతము. మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. ఒక పరికరపు వాట్లను 230చే భాగించినచో, అది యెన్ని ఆంపియర్ల ప్రవాహమును తీసికొనునో తెలియును. 40 వాట్ల దీపములు ఆరు – 240 వాట్లు, పంకా 75, రేడియో 40. మొత్తము 355 వాట్లు. అనగా ఆనాడు ఇల్లంతయు కలిసి తీసికొనిన ప్రవాహము సుమారు 1.5 ఆంపియర్లు మాత్రమే. ఈనాడో? గీజరు 2000 వాట్లు, ఇస్త్రీపెట్టె 1000, గ్రైండరు 500. ఈ మూడే 3500 వాట్లు. అనగా సుమారు 15 ఆంపియర్లు. ప్రవాహము పదింతలైనది.

ప్రవాహము పదింతలైన తీగలో పుట్టు వేడియు పదింతలగునని మీరు తలంపవచ్చును. అట్లు కాదు. 1841లో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తీగచుట్టను నీటిలో ముంచి, దానిగుండ విద్యుత్తును పంపి, నీరు ఎంత వేడెక్కునో కొలిచి, ఒక సూత్రమును ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిరెండేండ్లు. ప్రవాహము రెండింతలైనచో వేడి నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును, పదింతలైనచో నూరింతలగును. ఆ పండుగనాటి యుదయమున పాత తీగ మోసిన బరువు పదింతలు. అది భరించిన వేడి నూరింతలు!

ఆనాటి దీపపు లైనులలో వాడిన తీగ తరచుగా 18వ నంబరు గేజి ఒంటిపోగు రాగితీగ. దాని అడ్డుకొలత సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఇప్పుడు సాధారణముగా దీపములకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరు, ఏసీ వంటి వానికి 4 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగితీగను మెయిన్ బోర్డునుండి వేఱుగా తెచ్చి వేయుదురు. కాలిబాటమీద నడిపింపదగినది మనుష్యులను. బరువు లారీని నడిపించినచో బాట క్రుంగును గదా!

తీగ లావు చాలకపోవుట యొక లోపము. వయస్సు రెండవ లోపము. రాగికి వార్ధక్యము లేదు గాని, దాని తొడుగునకు కలదు. వేడికిని, గాలికిని, కాలమునకును రబ్బరు ఎండి పగులును. ఎలుకలు కొరుకును. పెంకులు జారిన చోట వాననీరు గోడలో దిగి తేమ పట్టును. అప్పుడు విద్యుత్తు తీగను విడిచి గోడలోనికి ప్రాకును. వానకాలములో గోడను తాకిన జివ్వుమనుట మీలో కొందరు ఎరిగియే యుందురు. దానిని వింతగా చెప్పుకొని నవ్వుట తగదు; అది ఇల్లు చేయు హెచ్చరిక.

మూడవది ముడులు. వదులైన ముడి యొద్ద నిరోధము హెచ్చును. నిరోధము హెచ్చిన చోట వేడి హెచ్చును. మన దేశమున కొన్ని దశాబ్దములపాటు రాగి కొరతచేత ఇండ్లలో అల్యూమినియము తీగలను విరివిగా వాడిరి. అల్యూమినియము స్క్రూ క్రింద నొక్కుకొనిపోయి మెల్లగా వదులగును. దానిపై ఏర్పడు తుప్పుపొర విద్యుత్తును సరిగా పోనీయదు. కావున అట్టి తీగలు గల ఇండ్లలో స్విచ్చుల యొద్దను ముడుల యొద్దను మిక్కిలి జాగరూకత వహింపవలెను.

ఇక ఫ్యూజు మాట. ఫ్యూజులోని సన్నని తీగ బలహీనమైనదని ఆ యువకుడు తలచెను. దానిని బలహీనముగా చేయుటలోనే మేలు కలదు. ప్రవాహము మితిమీరినప్పుడు గోడలోని తీగ కాలకముందే తాను కరగిపోయి, త్రోవను త్రెంచివేయుట దాని ధర్మము. అది యింటి కావలివాడు. మూడుమారులు అది కేక వేసి చెప్పినది. నాలుగైదు రాగిపోగులు మెలివేసి మనవారు దాని నోరు కట్టివేసిరి. కావలివాడు మౌనము వహింపగా కాలవలసిన చోటు అటకక్రిందికి మారినది.

పాత ఇండ్లలో మరియొక మోసము కలదు. ఆ కాలమున రెండు తీగలకును, అనగా విద్యుత్తు తెచ్చు ఫేజు తీగకును, తిరిగిపోవు న్యూట్రలు తీగకును, చెరియొక ఫ్యూజు పెట్టుచుండిరి. న్యూట్రలు ఫ్యూజు పోయినచో దీపము ఆరును. చూచువారు కరెంటు లేదనుకొని హోల్డరులో వ్రేలు పెట్టుదురు. కాని ఫేజు తీగలో విద్యుత్తు నిలిచియే యుండును! దీపము వెలుగనంత మాత్రమున తీగ నిర్జీవమని నమ్మరాదు.

మేస్త్రి ఆ యింటిలో చూపిన మరొక కొరత ఎర్తు లేకుండుట. పాత ప్లగ్గులకు రెండు రంధ్రములే యుండెడివి. ఇప్పటి ప్లగ్గునకు మూడు పుల్లలుండును. పైనున్న మూడవ పుల్ల తక్కిన వానికంటె పొడవుగను లావుగను ఉండును. లోనికి మొదట పోవునదియు, చివర బయటికి వచ్చునదియు అదియే. అది పరికరపు ఇనుప ఒంటిని భూమితో కలుపును. లోపలి తీగ యెక్కడనైన ఒంటికి తగిలినచో, విద్యుత్తు మన శరీరమునకు మారుగా ఆ త్రోవను భూమిలోనికి పోవును. ఆ పెద్ద ప్రవాహమునకు ఫ్యూజు కరగును. ఇంటివెనుక గుంటత్రవ్వి, బొగ్గు, ఉప్పు వేసి గొట్టమును పాతుట దీనికొరకే. వేసవిలో ఆ గుంటలో నీరు పోయుచుండవలెను. మూడవ పుల్ల అడ్డము వచ్చుచున్నదని దానిని విరుగగొట్టువారు తమ రక్షణను తామే విరుగగొట్టుకొనుచున్నారు.

"ఫ్యూజు సరిగా నున్నచో షాకు కొట్టదు కదా?" అని ఆ బాలిక మేస్త్రిని అడిగెను. మంచి ప్రశ్న. మన శరీరముగుండ సుమారు 1 మిల్లీ ఆంపియరు ప్రవహించినను జివ్వుమనును. 10 మిల్లీ ఆంపియర్లు దాటినచో చేతి కండరములు బిగిసికొని పట్టినదానిని విడువలేము. 50కి మించినచో గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చును. 5 ఆంపియర్ల ఫ్యూజు అనగా 5000 మిల్లీ ఆంపియర్లు. కావున మనిషి ప్రాణము పోవుచున్నను ఫ్యూజునకు తెలియదు. అది తీగను కాపాడునది. మనిషిని కాపాడునది వేఱు. దానిని ఆర్.సి.సి.బి. అందురు. పోయిన విద్యుత్తును తిరిగివచ్చిన విద్యుత్తును అది నిరంతరము సరిచూచుచుండును. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినచో, ఎక్కడనో విద్యుత్తు దారి తప్పినదని గ్రహించి, రెప్పపాటులో సరఫరాను నిలిపివేయును. ఫ్యూజుల స్థానమున ఇప్పుడు ఎం.సి.బి.లు వచ్చినవి. అవి కరగవు, తమంత తాము పడిపోవును. కారణము తెలిసికొనకుండ వానిని మాటిమాటికి పైకెత్తుటయు, ఫ్యూజులో లావుతీగ కట్టుటయు ఒకటియే.

పండుగ వెళ్లిన పిమ్మట మేస్త్రి ఆ యింటి పాత తీగలనన్నిటిని తీసివేసి, గొట్టములలో ఐ.ఎస్.ఐ. గుర్తు గల క్రొత్త రాగితీగలను నడిపెను. గీజరునకు వేఱు లైను వేసెను. ఎర్తు గుంట త్రవ్వించెను. ఎం.సి.బి.లను, ఆర్.సి.సి.బి.ని అమర్చెను. మెగ్గరు అను పరికరముతో తీగల తొడుగులను పరీక్షించిన పిమ్మటనే సరఫరా నిచ్చెను. వృద్ధుడు పని యంతయు దగ్గర కూర్చుండి చూచెను. తన తండ్రి పెట్టించిన నల్లని స్విచ్చు నొకదానిని మాత్రము తుడిచి బీరువాలో దాచుకొనెను. ఆ సాయంకాలము మనుమరాలిని పిలిచి, "అమ్మా, మా నాయనగారి పేరు నిలుపుచున్నా ననుకొని ఆయన కట్టిన యింటికే ముప్పు తెచ్చితిని. మొదటి దీపము నీవే వెలిగింపుము" అనెను.

బాలబాలికలారా! మీ యిల్లు పాతదైనను క్రొత్తదైనను ఈ గుర్తులను కనిపెట్టుచుండుడు. స్విచ్చుగాని ప్లగ్గుగాని తాకిన వెచ్చగానుండుట, దానిచుట్టును గోధుమరంగు మచ్చ పడుట, చిటపట శబ్దము, కాలిన రబ్బరు వాసన, పెద్ద పరికరము వేయగానే దీపములు మసకబారుట, గోడను కొళాయిని తాకిన జివ్వుమనుట, ఫ్యూజు తరచుగా పోవుట – వీనిలో ఏ యొక్కటి కనబడినను వెంటనే పెద్దలకు చెప్పుడు. వారు నవ్వినను మరల చెప్పుడు. మీరుగా ఏ బోర్డును విప్పకుడు. తడిచేతులతో స్విచ్చులను తాకకుడు. అనుమతిపత్రము గల మేస్త్రిచేతనే పని చేయింపుడని పెద్దలను కోరుడు.

ఎవరికైన షాకు తగిలినచో వారిని చేతితో పట్టుకొని లాగరాదు. మొదట మెయిను స్విచ్చు కట్టవలెను. అది సాధ్యము కానిచో, పొడినేలపై నిలిచి, పొడికఱ్ఱతో తీగను దూరముగా నెట్టవలెను. వెంటనే 108కి కబురు చేయవలెను. విద్యుత్తువలన పుట్టిన మంటపై నీరు చల్లరాదు. అగ్నిమాపక దళమునకు 101, విద్యుత్ సరఫరాలోని లోపములకు 1912 అను సంఖ్యలను గుర్తుంచుకొనుడు.

పెద్దలు మనకిచ్చిన ఇంటిని ఉన్నదున్నట్లు ఉంచుటయే గౌరవము కాదు. దానిలో నివసించువారు సుఖముగా నిదురించునట్లు చేయుటయే నిజమైన గౌరవము. తీగ నోరులేనిది. వాసనతోను, వేడితోను, ఆరిపోవు ఫ్యూజుతోను మాత్రమే అది మాటాడును. ఆ మాటను ఆ బాలిక విన్నది. కావుననే ఆ లోగిలి నేటికిని నిలిచియున్నది.

ప్రశ్నలు

1. వృద్ధుడు పాత తీగలను మార్పించుటకు ఏల అంగీకరింపలేదు? చివరకు ఆయన మనస్సు ఎట్లు మారినది?
2. ప్రవాహము నాలుగింతలైనచో తీగలో పుట్టు వేడి యెన్ని యింతలగును?
3. ఫ్యూజును కావలివానితో ఏల పోల్చిరి?
4. ఫ్యూజు తీగను కాపాడును గాని మనిషిని కాపాడదు. ఈ మాటను లెక్కతో వివరింపుము.
5. మీ యింటిలో వాడు విద్యుత్ పరికరముల పట్టిక వ్రాసి, ఒక్కొక్కటి ఎన్ని ఆంపియర్లు తీసికొనునో లెక్కవేయుము.